బావగారి సైకిలు, నేనన్న ఆఁ

పోయిన నెల మా మనవరాలిని ఈత క్లాసు నుంచి ఇంటికి తీసుకొస్తుంటే, వెనక సీట్లోంచి అది ఒక ప్రశ్న వేసింది. "అమ్మమ్మా, ఆఁ అంటే యెస్సా, వాటా?" ఆస్తి పంపకాల్లో వాటా అనుకునేరు, 'ఏమిటి' అని దాని ఉద్దేశం. దానికి ఏడేళ్లు. ఇంట్లో అందరం రోజుకి వందసార్లు ఆఁ అంటాం, కొన్నిసార్లు ఒప్పుకున్నట్టు, కొన్నిసార్లు వినపడనట్టు. పాపం, దాని అమెరికా చెవికి రెండూ ఒకటే. తోక పైకి లేస్తే ఏమిటి అని, లేవకపోతే సరే అని, అంతే తేడా అని చెప్పాను. చెప్పాక సిగ్నల్ పచ్చబడినా నా కాలు బ్రేకు మీంచి లేవలేదు. వెనక కారతను హారన్ కొట్టాడు. ఆ తోక దగ్గర జరిగిన పొరపాటుకే మా బావగారు నడిరోడ్డు మీద పడ్డారు. అది ఎలా జరిగిందో మా అక్కకి నేను ఆ రోజు దాకా చెప్పలేదు.

ఎనభైల మొదట్లో ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చి, ఇదే క్యారీ ఊళ్లో అక్కావాళ్లింట్లో ఉండేదాన్ని. అప్పటికి ఇక్కడ తెలుగు కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. నెలకోసారి ఎవరిదో చర్చి బేస్‌మెంట్ అడిగి పుచ్చుకుని తెలుగులో ఆరాధన చేసుకునేవాళ్లం. మా బావగారిది గుంటూరు దగ్గర ఊరు. మందుల కంపెనీలో పని మీద ఇంగ్లండులో అయిదేళ్లుండి, ఇక్కడ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికితే వచ్చారు. వస్తూ వస్తూ అక్క పింగాణీ సామానంతా అక్కడే పంచిపెట్టించి, తన ఆకుపచ్చ సైకిలు మాత్రం ఓడలో వేయించారు. ఆ కప్పుల సంగతి అక్క ఈ రోజుకీ ఎత్తుతుంది. ఇంగ్లండు పల్లెదారుల గురించి బావగారు ఎంతసేపైనా చెప్పేవారు. ఒంటెద్దు బండి పట్టేంత వెడల్పు, రెండు పక్కలా మనిషెత్తు కంచెపొదలు, మలుపు తిరిగితే గొర్రెలు, వాటి వెనక నిమ్మళంగా నడిచే ముసలాయన. ఆ దారిలో తొందరపడితే తొందరపడ్డవాడిదే తప్పట. గంటకి ఎన్ని మైళ్లు తొక్కారని అడిగితే ఆయనకి కోపం వచ్చేది. ఎన్నిసార్లు దిగి ఆగారని అడగాలట.

అదే అలవాటు ఇక్కడికీ తెచ్చారు. శనివారం పొద్దున్నే ఆయన ఆకుపచ్చ సైకిలు మీద, నేను గరాజ్ సేల్‌లో కొన్న ఎర్ర సైకిలు మీద, క్యారియర్‌కి పులిహోర పొట్లం, ఫ్లాస్కుతో టీ కట్టుకుని బయల్దేరేవాళ్లం. ఊరు దాటితే పొగాకు చేలు, వాటి మధ్య నల్లబడ్డ చెక్క కొట్టాలు, పైన్ చెట్ల వాసన. గంటకో పికప్ ట్రక్ వచ్చేది. వచ్చిన ప్రతివాడూ ఆపి, కారు పాడైందా, ఎక్కడ దింపమంటారు అని అడిగేవాడు. వయసొచ్చిన మనిషి సరదాకి సైకిలు తొక్కుతాడంటే ఆ రోజుల్లో ఇక్కడ ఎవరూ నమ్మేవారు కాదు. మా అక్కా నమ్మలేదు. ఇండియాలో సైకిలు తప్పించుకుందామని ఇంత దూరం వస్తే ఇక్కడా సైకిలేనా అని ఆవిడ బాధ. పైగా బావగారు కారు డ్రైవ్ చేయడం మానేశారు. తల తిరుగుతోందనేవారు. కడుపుతో ఉన్న మనిషి, పొద్దున్నా సాయంత్రమూ ఆయన్ని ల్యాబ్‌కి దింపి తెచ్చేది. చర్చిలో ఒక పెద్దాయన ఆ సంగతి పట్టుకుని బావగారిని అందరి ముందూ ఆటపట్టిస్తే, ఆయన నవ్వేసి ఊరుకున్నారు.

అసలు కారణం నాకు ఆ వేసవిలో తెలిసింది. ఎండ ఫెళ్లున కాస్తుండగా, ఖాళీ రోడ్డు మీద, కుడిపక్కనున్న ఉత్తరాల డబ్బాకి భుజం కొట్టుకుని పడిపోయారు. అంత పెద్ద డబ్బా. లేపి కూర్చోబెడితే మోచేతి రక్తం తుడుచుకున్నారు. తర్వాత చెప్పారు. ముందు చూపు బాగానే ఉంది, పక్కలు పోతున్నాయి, గొట్టంలోంచి చూస్తున్నట్టుంది, ఇంగ్లండులోనే డాక్టరు చెప్పాడు, గొట్టం ఏటేటా సన్నబడి ఒకనాటికి మూసుకుపోతుందని. అక్కకి తెలుసా అంటే తల అడ్డంగా ఊపారు. అక్కకి అప్పుడు ఐదో నెల. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. మూడోసారి ఏమవుతుందోనని ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని తిరుగుతున్నాం.

"కాన్పు కానీ, నేనే చెప్తాను. అప్పటిదాకా ఈ సైకిలొక్కటి నాకు ఉండనియ్యమ్మా," అన్నారు. నన్ను బతిమాలుతున్న గొంతు అది. ఆయన నన్నేనాడూ ఏదీ అడగలేదు.

నాకు భయం వేసింది, కోపం కూడా వచ్చింది. ఇరవై మూడేళ్ల దాన్ని, ఇంత బరువు నా మీద ఎందుకు పెట్టారని. కానీ ఆయన జేబులోంచి కౌంటీ మ్యాప్ తీసి చూపించారు. తిరిగిన దారులన్నిటికీ ఎర్ర పెన్సిలు గీతలున్నాయి. గీత పడనివి ఇంకా సగం. చూపుండగా అవన్నీ చూసేయాలని ఆయన ఆశ. సరే అన్నాను. కానీ షరతులు పెట్టాను: నేను లేకుండా సైకిలు ముట్టకూడదు, ఏ కూడలి వచ్చినా ఆగిపోవాలి, నేను ముందు దాటి అటూ ఇటూ చూసి రమ్మంటేనే కదలాలి. ఆయన బుద్ధిగా ఒప్పుకున్నారు. ఆ రోజు నుంచి ప్రతి కూడలిలో ఇవతల నిలబడి "రావచ్చా?" అని అరిచేవారు, నేను అవతల నుంచి "రండి" అనేదాన్ని. పొగాకు చేలల్లో పనిచేసేవాళ్లు తలలెత్తి చూసేవారు. అలా ఓ పది వారాలు గడిచాయి. నిజానికి ఆ పది వారాల్లో నాకు భయం పోయింది. పోకుండా ఉండాల్సింది.

ఆ శనివారం గాలి ఎక్కువగా ఉంది. పైన్ చెట్లు హోరుమంటున్నాయి. పెద్ద రోడ్డుని మా చిన్నదారి అడ్డంగా దాటే చోట నేను ముందు దాటాను. దాటానో లేదో, నా చున్నీ కొస చెయిన్‌లో పడి చుట్టుకుంది. ప్యాంటు మీద కూడా చున్నీ ఎందుకే అని అక్క ఎప్పుడూ అనేది. దిగి, వంగి, గ్రీజు పట్టిన గుడ్డని లాగుతున్నాను. ఇష్టమైన చున్నీ. ప్రాణమంతా దాని మీదే ఉంది. వెనక నుంచి బావగారి గొంతు ఏదో అన్నట్టు వినపడింది. తల ఎత్తకుండానే నేను "ఆఁ" అన్నాను.

ఏమన్నారని అడిగాననే నా నమ్మకం. తోక పైకి లేచిందనే అనుకుంటాను. కానీ గాలి ఆ తోకని కోసేసిందో, లేక పరధ్యానంగా ఉత్తినే ఆఁ కొట్టానో, ఒట్టేసి చెప్పమంటే చెప్పలేను. ఆయన అడిగింది "రావచ్చా?" అని. ఆయనకి వినపడింది సరే అని. టైర్లు కీచుమనేసరికి తల ఎత్తాను. ట్రక్కు పక్కన ఆకుపచ్చ సైకిలు వెనక చక్రం వంకరపోయి ఇంకా తిరుగుతోంది. బావగారు రోడ్డు మీద పక్కకి ఒరిగి పడున్నారు. నడిపిన ముసలి రైతు టోపీ తీసి గుండెకి అదుముకుని, సారీ సారీ అంటూ ఏడుస్తున్నాడు. ఆ రైతు తప్పేమీ లేదు.

తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో ఎముక చూసిన డాక్టరు కళ్లూ చూశాడు, దాంతో అంతా బయటపడింది. కడుపుతో ఉందని నర్సు కూర్చోబెట్టిన వీల్‌ఛెయిర్‌లో అక్క వచ్చి, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఆయన మంచం పక్కన ఆగింది. తర్వాత నావైపు తిరిగి, నీకు తెలుసా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు.

"దానికేం తెలీదు. ఆగండి బావగారూ అని అరుస్తూనే ఉంది. నేనే వినిపించుకోలేదు."

ఒక్క మాటలో రెండు అబద్ధాలు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి, ఎప్పుడూ అబద్ధం ఆడగా నేను చూడలేదు. నేను కాదని ఉండాల్సింది. ఇప్పుడు చెబితే అక్క తట్టుకోలేదు, కాన్పు కానీ అనుకున్నాను. ఆయన అనుకున్నట్టే. ఎనిమిదో నెల నిండకుండానే పాప పుట్టింది, బతికింది, ఇప్పుడు దానికే హైస్కూలు చదివే పిల్లలున్నారు. కాన్పయ్యాక పసిబిడ్డ కదా అనుకున్నాను. తర్వాత బావగారి ఉద్యోగం పోయింది, ఇప్పుడు కాదు అనుకున్నాను. తర్వాత నా పెళ్లి. ప్రతిసారీ ఏదో ఒకటి దొరికేది.

బావగారు ఆ తర్వాత సైకిలు ఎక్కలేదు. చూపు పూర్తిగా పోవడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది. గీత పడని సగం మ్యాప్ అలాగే ఉండిపోయింది. నేను వెళ్లినప్పుడల్లా దాన్ని ఒళ్లో పరుచుకుని, మనం ఇప్పుడెక్కడున్నాం చెప్పు అని నన్ను అడిగేవారు. నేను దారి పేరు చెబితే, అక్కడ కుక్క ఉంటుంది జాగ్రత్త అనేవారు. ఆ కూడలి పేరు నేనెప్పుడూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. చెల్లెలు గొంతు చించుకున్నా వినని మహానుభావుడు అని అక్క వచ్చినవాళ్లందరికీ చెప్పి దెప్పేది. ఆయన నావైపు ముఖం తిప్పి నవ్వేవారు. ఆ నవ్వు నాకు పెద్ద శిక్ష. రెండేళ్ల క్రితం ఆయన పోయారు. సమాధి దగ్గర కూడా అక్క అదే మాట అంది, ఏడుస్తూ.

మనవరాలు అడిగిన మర్నాడు అక్క దగ్గరికి వెళ్లాను. వెనక వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. డెబ్బై ఆరేళ్లు. చెవిలో మిషన్ పెట్టుకోమంటే గుయ్‌మంటుందని డ్రాయర్‌లో పడేస్తుంది. నేనూ ఒక చారెడు తీసుకుని ఈనెలు తీస్తూ, ఆవిడ ముఖం వైపు చూడకుండా చెప్పేశాను. కళ్ల సంగతి నాకు ముందే తెలుసనీ, ఆ రోజు ఆగమని నేను అరవలేదనీ, తల కూడా ఎత్తలేదనీ, ఉత్తినే ఆఁ అన్నాననీ. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అక్క చిక్కుడుకాయ తుంచుతూనే ఉంది.

"ఆఁ" అంది.

తోక లేచిందో లేదో నాకు తెలియలేదు. ఒకసారి చెప్పడానికే నాకు నలభై ఏళ్లు పట్టింది. రెండోసారి చెప్పడానికి అంత కాలం మా ఇద్దరి దగ్గరా లేదు.