తన్ని చూడండి

జగ్గయ్యపేటలో గేట్లు చేసే ఆ వెల్డరు ఏది బిగించినా, పక్కకు జరిగి "తన్ని చూడండి" అనేవాడు. మనం తన్నందే అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. నందిగామలో మా ఇంటి గేటునూ నాచేత అలాగే తన్నించాడు.

డాబా మీద టెలిస్కోపు గది కట్టుకుంటానని ఆ రోజే అతనికి గొప్పలు చెప్పాను. ఫిజిక్స్ మాస్టారిని కదా, బొమ్మ గీసి మరీ చూపించాను. నా బొమ్మ బొమ్మగానే ఉండిపోయింది. అతను తన డాబా మీద కట్టేశాడు.

"మీరు చెప్పిందే కట్టా మాస్టారూ, వచ్చి చూడండి" అంటే వెళ్లాను. రేకుల కప్పు గేటు చక్రాల మీద పక్కకు జరిగింది. టెలిస్కోపును మోసే పిల్లరు నేలలోంచి లేచి, శ్లాబులో వదిలిన రంధ్రంలోంచి ఎక్కడా తగలకుండా పైకొచ్చి ఉంది. చుట్టూ రెండు వేళ్ల ఖాళీ. మనం నడిస్తే శ్లాబుకు పుట్టే అదురు టెలిస్కోపుకు చేరకూడదని ఆ ఖాళీ. నా బొమ్మలో అది లేదు. కంపనాల పాఠం ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి నేను!

ఇంకా వెలుగుండగానే టెలిస్కోపులో సగం చందమామ దొరికాడు. గుంటలతో సహా స్పష్టంగా ఉన్నాడు. నాకు కడుపు మండిపోయింది. ఈసారి అతను తన్ని చూడమనలేదు. అటు తిరిగి చక్రానికి గ్రీజు రాస్తున్నాడు. కన్ను తీయకుండానే మడమతో శ్లాబును ఒక్క తన్ను తన్నాను. చందమామ కదల్లేదు.

ఇటు తిరక్కుండానే అన్నాడతను:

"ఇంకా గట్టిగా తన్నండి మాస్టారూ."