ఆయన సాక్ష్యంలో నేను

పాస్టరు కాకముందు మా ఆయన బెల్లంపల్లిలో ఆర్కెస్ట్రా గాయకుడు. పెళ్లయినా, గణపతి మండపమైనా, ఆ గొంతు వినబడితే జనం అన్నం ప్లేట్లతో సహా స్టేజీ దగ్గరికి వచ్చేవాళ్లు. నేనూ అలా వచ్చినదాన్నే. అప్పుడప్పుడు తాగేవాడు, అది నిజం. తాగిన రోజు మరీ మెత్తబడిపోయి, నా కాళ్ల దగ్గర కూర్చొని పాడుతూ పాడుతూ నిద్రపోయేవాడు.

ఇప్పుడు పెద్దపల్లి దగ్గర మాదొక రేకుల చర్చి. ప్రార్థన కూటాలకు వేరే ఊళ్ల నుంచి కూడా పిలుస్తారు. అక్కడ ముందు సాక్ష్యం చెప్పాలి, దేవుడు తనను ఎలాంటి బతుకులోంచి లేపాడో నలుగురి ముందు చెప్పుకోవాలి. ఎంత లోతు గుంటలోంచి లేస్తే అంత గట్టిగా హల్లెలూయ. మా ఆయన గుంట మొదట్లో మోకాలి లోతే ఉండేది. ఊరూరికీ కొంచెం కొంచెం తవ్వుకుంటూ పోయాడు. భైంసా కూటంలో, నేను ముందు వరుసలో కూర్చొని ఉండగానే, "తాగొచ్చి నా భార్యను గొడ్డును బాదినట్టు బాదేటోన్ని" అన్నాడు. ఆడవాళ్లంతా నావైపు తిరిగి కొంగులతో కళ్లొత్తుకున్నారు.

తిరుగు బస్సులో అడిగాను.

"నన్ను ఎప్పుడు కొట్టినవయ్యా నువ్వు?"

"కొట్టలే గని, జర గట్టిగ చెప్తెనే మనుషులు మారుతరు. నీకేం పోయింది?"

నాకేమీ పోలేదు. పైగా వచ్చింది, అదే నా సిగ్గు. ముందు కుర్చీ వచ్చింది, అడగకుండానే టీ వచ్చింది, పాస్టరమ్మ ఎంత ఓర్చుకుందోనన్న పేరొచ్చింది. ఏ ఊళ్లోనైనా ఆయన నోట ఆ మాట రాగానే నేను తల దించుకునేదాన్ని. దించమని ఎవరూ చెప్పలేదు.

మా సంఘంలో ఒకామె ఉండేది, రైసుమిల్లులో కూలి. ఎండాకాలంలో కూడా నిండు చేతుల జాకెట్టే వేసుకునేది. మొన్న వేసవిలో ఆరాధన అయ్యాక నాతో కలిసి చాపలు చుడుతుంటే ఆ జాకెట్టు చెయ్యి పైకి జరిగింది. మోచేతి దాకా కమిలిపోయి ఉంది.

"తల్లిగారింటికన్నా పోకపోయినవా బిడ్డా?" అన్నాను.

"మా అవ్వ రమ్మనే అన్నది పాస్టరమ్మా. నేనే పోలే. నిన్ను చూసుకుంటనే ఉన్న. నువ్వు ఓర్చుకుంటెనే గదా అయ్యగారు మారిండు. నా మొగడు గూడ మారుతడు."

ప్రార్థన చేస్తానులే అనే మాట నా నోటి దాకా వచ్చింది. దాన్ని మింగేశాను.

"ఆయన నన్ను ఒక్కనాడు గూడ కొట్టలే బిడ్డా."

నేను నా మొగుడి పరువు కాపాడుతున్నాననుకుని నవ్వింది. దేవుని ముందర చెప్తున్నా అని మళ్లీ అన్నాను. అప్పుడు ఆమె నవ్వు ఆగిపోయింది.

"మరి నేను దేనికి ఓర్చుకున్న?" అంది.

ఆ సాయంత్రమే పిల్లలను తీసుకొని తల్లిగారింటికి పోయిందని తెలిసింది. మా చర్చికి మళ్లీ రాలేదు. ఇదంతా ఆయనతో చెప్పాను. ఆ తరువాతి కూటం నుంచి నన్ను బాదిన మాట వదిలేశాడు. కానీ అది అబద్ధమని మైకులో ఆయనా చెప్పలేదు, లేచి నేనూ చెప్పలేదు. అన్ని ఊళ్లు తిరిగాం. నన్ను చూసుకుంటూ ఇంకా ఎంతమంది దెబ్బలు తింటున్నారో.