మామ మళ్ళీ కోటు తొడిగినాడు

మామ తాలూకా ఆఫీసులో రిటైరై, అత్తమ్మతో కడపలోని మా ఇంటికొచ్చి ఆర్నెల్లయింది. నేను బడిలో టీచరును. ఇద్దరు పిల్లలు చాలనుకున్నదాన్నే, చూసుకునే పెద్దోళ్ళు వచ్చినారనే ధైర్యంతో మళ్ళీ నీళ్ళోసుకున్నా. ఆ సంగతి నిన్న ఇంట్లో చెప్పినా.

ఈ పొద్దు తెల్లారేసరికి మామ పాత కోటు తొడుక్కొని వాకిట్లో నిలబడినాడు.

"యాడికి మామా?"

"శెనక్కాయల మిల్లులో గుమాస్తా పని ఉండాదంట, పోతాండా. ఇద్దర్నంటే ఎత్తుకున్నా. మూడో బిడ్డను మోసే నడుము కాదు తల్లీ ఇది."

నాకు నవ్వొచ్చింది. చిన్నోణ్ణి చంకనేసుకొని కసువూడుస్తాండే అత్తమ్మ మాత్రం నవ్వలేదు.

"మీ మామకు రెండో ఉద్యోగం దొరికె. నాకు మొదటిదే ఇంకా వదల్లేదు," అనింది.

మీ ఇండ్లలో అత్తలకు పింఛను ఏ వయసుకిస్తారప్పా?