నీళ్లతో వెళ్లని లస్కరు

లస్కరు తోమా నిజాయితీ గురించి దర్శి చుట్టుపక్కల చెప్పుకునే వాటిలో సగమే అబద్ధాలు. వంతు కాని వేళ కప్ప తూము దాటబోతే కాలు పట్టి వెనక్కి వేసేవాడన్నది అబద్ధం. కట్టుకున్న పెళ్లాం వచ్చి నీళ్లడిగితే కాగితం చూపించాడన్నది మాత్రం నిజం.

కాలువ తూము దగ్గర కాపలా ఉండి, వంతు ప్రకారం తలుపు ఎత్తి దించడం లస్కరు పని. తోమా పదకొండేళ్లుగా ఆ పని చేస్తున్నాడు. ఆ తూము చక్రం తిప్పడానికి మామూలుగా ఇద్దరు కావాలి. తోమా ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో చుట్ట ముట్టించుకునేవాడు. చుట్ట అంటుకునేది కాదని గిట్టనివాళ్లంటారు గానీ, గాలి రోజుల్లో ఎవరికి మాత్రం అంటుకుంటుంది?

భార్య రెబ్కాది పద్దెనిమిది మైళ్ల దిగువన, కాలువకి చివరి ఊరు. అక్కడ వాళ్లమ్మ ప్రేమమ్మకి ఎకరం మిరప చేను. రెండేళ్ల కిందట ఆ చేను ఎండుతుంటే రెబ్కా తూము దగ్గరికి వచ్చి నిలబడింది.

"రెండు గంటలు వదులు. అమ్మ కళ్లముందే పోతోంది చేను."

"ఈ వారం పై ఊళ్ల వంతు. ఇదిగో, రాసుంది."

"ఆ కాగితం వండుకుని తిను," అని ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

అప్పట్నుంచీ తలుపెత్తిన ప్రతిసారీ తోమా ఒక లెక్క వేసుకునేవాడు. తన కాళ్ల కింద నుంచి పోతున్న ఈ నీరు రేపు ఈ వేళకి రెబ్కా చేతులకి తగులుతుంది. తగలదని తెలిసీ వేసేవాడు. దారిపొడుగునా నీళ్లు లాగేసే ఆయిలింజన్లూ, గట్లకి గండ్లూ ఉండేవి. చివరి ఊరికి తడిమట్టి వాసన చేరితే అది మంచి ఏడాది.

ఎనభై ఆరు ఫిబ్రవరిలో ఆర్డరు వచ్చింది. పదో తేదీన తలుపులు దించెయ్యాలి, మిగిలిన నీరు వేసవిలో తాగునీటి చెరువులకి. చివరి ఊరి వంతు పన్నెండున మొదలవ్వాలి, రెండు రోజులు. మిరప రెండో కాపు మీదుంది. తాగే నీళ్లు కదా అని తోమా తలుపు దించాడు. దించాక అన్నం సయించలేదు. గురునాథం మాస్టారి అరుగెక్కాడు.

మాస్టారు కుర్రతనంలో తెల్లవాళ్ల చట్టం మీరి జైలుకెళ్లిన మనిషి. ఇప్పుడు కండక్టరు మర్చిపోతే దిగిన బస్సు మళ్లీ ఎక్కి మరీ టిక్కెట్టు కొట్టించుకుంటాడు.

"చట్టం మీరొచ్చా మాస్టారూ?"

"నీళ్లు దొంగిలించేవాళ్లు రోజూ మీరుతున్నారుగా. నువ్వు పేరు చెప్పి మీరగలవా? పట్టపగలు మీరి, శిక్షెయ్యండని వెళ్లి నిలబడగలవా?"

"మరి మిగతా రోజులు?"

"మిగతా రోజులు అందరికంటే గట్టిగా పాటించాలిరా. లేకపోతే నీ ఒక్క రోజుకి విలువెవడిస్తాడు?"

పన్నెండో తేదీ పొద్దున్నే తోమా తలుపెత్తాడు. రోజూ నీటిమట్టం రాసే పుస్తకంలో రాశాడు: 'ఆర్డరుకి విరుద్ధంగా నేనే తెరిచాను. రెండు రోజులు. చివరి ఊరి వంతు. తోమా.'

ఆరిన కాలువలోకి నీరు వదిలితే, గండ్లు కొట్టేవాళ్లని అదిలిస్తూ నీటి తల వెంట చివరిదాకా గట్టు మీద నడవడం లస్కర్ల ఆచారం. అలా నడిస్తే మర్నాటికల్లా రెబ్కా చేను. కింది తూము లస్కరు అలీ సాహెబ్ వచ్చేసరికి తోమా గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని ఉన్నాడు.

"ఏరా పెళ్లికొడకా, నీళ్లు బయల్దేరాయి. నడు."

"నేను పోతే పారిపోయినట్టుంటది సాయిబూ."

"ఎవడనుకుంటాడు?"

"నేననుకుంటా." తోమా తన కర్ర అలీ చేతిలో పెట్టాడు. ఎండుటాకుల్ని తోసుకుంటూ పోతున్న నీటి తల వెంట నలభై అడుగులు నడిచాడు. ఆగాడు. అది వంపు తిరిగేదాకా చూసి, సెక్షను ఆఫీసు దారి పట్టాడు.

ఇంజనీరు రాధాకృష్ణమూర్తి తోమా తెచ్చిన పుస్తకం రెండుసార్లు చదివాడు. "తలుపు కారిందని రాయలేకపోయావా? నేనూ సంతకం పెట్టేవాణ్ణి."

"కారలేదు సార్."

"నీకు న్యాయమనిపించి నువ్వు తెరిస్తే, రేపు ఇంకొకడికీ న్యాయమనిపిస్తుందయ్యా."

"వాడూ పేరు రాసి, ఇలాగే మీ ముందుకొచ్చి నిలబడితే అప్పుడు నన్నడగండి."

ఇంజనీరు సస్పెన్షన్ కాగితం టైపు కొట్టించాడు. విచారణ అయ్యేదాకా ఊరు దాటకూడదని అందులో ఉంది. తలుపు దించడానికి మాత్రం జీపు డ్రైవరు రెండు రోజుల దాకా దొరకలేదు. ఆఫీసు వెనక వేపచెట్టు కింద గురకపెట్టే మనిషి అంతసేపు దొరక్కపోవడం ఆ జిల్లాలో ఒక రికార్డు.

ప్యూను బయటికెళ్లాక ఇంజనీరు గొంతు తగ్గించాడు. "సాయంత్రం బస్సుంది. వెళ్లి ఆవిణ్ణి చూసి రా. నేను చూడనట్టే."

తోమా కాగితం వైపు చూశాడు. "రూలుంది గదా సార్."

"పొద్దున లేదా రూలు?"

"పొద్దున మీరింది ఊరి వంతు కోసం. ఇది నా కోసం."

మూడో రోజు అలీ కుంటుకుంటూ వచ్చాడు. దారిలో ఇరవై గండ్లు పూడ్చానన్నాడు. పూడ్చినవి ఆరు.

"చేరిందా?"

"కాలువ నిండా. మీ అత్త మోకాళ్ల దాకా దిగి నిలబడింది."

"రెబ్కా?"

"ఆయనేడీ అంది. చెప్పాను. తలుపెత్తి, పేరు రాసి, శిక్షలో ఉన్నాడన్నాను. గట్టు మీద కూలబడింది."

"ఆ తర్వాత?"

"పక్క మడికి నీళ్లు మళ్లించాలని లేచిపోయింది."

తోమా మళ్లీ చెప్పమన్నాడు. అలీ మళ్లీ చెప్పాడు, ఈసారి గండ్లు పాతికయ్యాయి.

"గండ్లు కాదు సాయిబూ. ఆమె ఎటు తిరిగి కూర్చుంది? చేను వైపా, మన వైపా?"

అడిగితే ఆకాశానికి కూడా గండి కొట్టి పూడ్చొచ్చానని చెప్పగల అలీ, తల గోక్కున్నాడు. "అది చూళ్లేదురా."

తోమా కాలువ దిగువ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంత దూరం నుంచి ఆమె గురించి అతను తెలుసుకోవాలనుకున్నది ఆ ఒక్కటే.