రెండు నూళ్ళ తేడా

కోతలు కోయడం నాకు చిన్నప్పటి నుంచే వచ్చు. చెక్క కోయడం మాత్రం తొమ్మిదో తరగతిలో నేర్చుకున్నాను. నరసరావుపేటలో మేం చదివే హైస్కూల్లో ఆ ఏడే వృత్తి విద్య పెట్టారు. అమ్మాయిలు కుట్టుకు, అబ్బాయిలు వడ్రంగానికి అని ఎవరూ బోర్డు మీద రాయలేదు. రాయకుండానే అందరికీ అర్థమైంది, నాకు తప్ప. మా నాన్నది పరుపుల కొట్టు. పుట్టిన దగ్గర్నుంచి సూదీ దూదీ చూస్తూ పెరిగినదాన్ని, బడిలో కూడా మళ్ళీ సూదేనా అనిపించి వడ్రంగంలో పేరిచ్చాను.

అసలు కారణం ఇంకొకటి. కుట్టు నేర్చుకోవాలంటే కూర్చోవాలి. వడ్రంగంలో నిలబడొచ్చు, వంగొచ్చు, రంపం కోసమని షెడ్డంతా తిరగొచ్చు. నన్ను ఒకచోట కూర్చోబెట్టడం మా ఇంట్లో ఎవరివల్లా కాలేదు. చివరికి నావల్ల కూడా.

వడ్రంగం సార్ గురజాల వైపు మనిషి. చెక్కకే తప్ప మాటకు చిత్రిక పట్టే అలవాటు లేదు.

"ఏమే, నీకు కుట్టుమిషను దొరకలేదా?" అన్నాడు నన్ను చూడగానే.

"మిషను దొరికింది సార్, నేనే దానికి దొరకలేదు."

షెడ్డంతా నవ్వింది. సార్ నవ్వలేదు. "స్టూలు చెయ్యి. ఊగకుండా నిలబడితే ఇక్కడుంటావు. ఊగితే కుట్టుకు పోతావు. పై వారం శుక్రవారం కుట్టు మేడం వచ్చి అడుగుద్ది."

మగపిల్లల స్టూళ్ళు ఊగితే వాళ్ళెక్కడికి పోతారో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. అప్పటికి ఉండనిస్తే చాలనుకున్నాను.

ఎందుకంటే నాకు ఆ పని పట్టుబడింది, లేదా నేనే దానికి పట్టుబడ్డాను. వేపచెక్క మీద చిత్రిక తోస్తుంటే పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి కాళ్ళ దగ్గర పడేది. మిగతా క్లాసుల్లో ఎప్పుడు చెక్కేద్దామా అని చూసేదాన్ని, ఇక్కడ గంట కొట్టినా చెక్కుతూనే ఉండేదాన్ని. "వడ్రంగి పిట్టా, ఇంటికి పోవా?" అనేవాడు పక్క బల్ల దగ్గరి అబ్బాయి.

స్టూలు తయారైంది. సార్ అరచేత్తో ఒక మూల నొక్కాడు. టక్. ఇంకో మూల నొక్కాడు. టక్.

"ఈ కాలు రెండు నూళ్ళు ఎక్కువుంది. తియ్యి," అన్నాడు.

పరుపులు కుట్టేవాడి కూతురికి నూలంటే ఏమిటో ఒకరు చెప్పాలా? రెండు నూళ్ళంటే రెండు పోగులు. సాయంత్రం నేరుగా కొట్టుకు పోయి నాన్నను నూలడిగాను.

"ఎందుకే?"

"స్టూలు కాలు తగ్గించాలి."

నాన్న ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి నూలుండను చూశాడు. "నూలుతో చెక్క తెగుద్దా? ఏం చదువులో ఏందో!" అంటూనే జానెడు పొడుగున రెండు పోగులు తెంపి ఇచ్చాడు.

మర్నాడు ఆ రెండు పోగులనూ కాలి అంచుకు ఆనించి చూశాను. మందం వెంట్రుకకు అక్కంత ఉంది. ఇంత చిన్న పనికా ఇంత బెదిరింపు అనుకుని, ఉప్పుకాగితంతో సరిగ్గా అంతే రుద్ది, ఊది, తుడిచి, సార్‌కు చూపించాను.

టక్.

"తీశావా?"

"తీశాను సార్, రెండు నూళ్ళు."

"ఏం తీశావే, గాలా? మళ్ళా తియ్యి."

మళ్ళీ తీశాను. మళ్ళీ టక్. ఆ వారమంతా ఇదే వరస. ఉప్పుకాగితం బట్టతలైంది గాని కాలు తగ్గలేదు. ఇంట్లో కూడా మనసు నిలిచేది కాదు. నేల మీద ఏది కనిపించినా వేలితో నొక్కి, ఊగుతుందేమో చూసేదాన్ని. "దయ్యం పట్టిందా ఏమే, నీళ్ళబిందెను నొక్కుతావేంది?" అని అమ్మ కసిరింది.

శుక్రవారం కుట్టు మేడం మెడలో టేపుతో రానే వచ్చింది. "ఏం సార్, మా పిల్లను పంపిస్తారా?"

సార్ స్టూలు నొక్కాడు. టక్.

"తీసుకుపోండి మేడం. చానాసార్లు చెప్పా. తీశానంటది, కాలు చూస్తే అట్టనే ఉంటది. పని రాకపోతే నేర్పొచ్చు, అబద్ధాలాడే పిల్లకు ఏం నేర్పేది?"

పని రాదంటే ఊరుకునేదాన్నేమో. అబద్ధమనేసరికి ఒళ్ళు మండింది. జేబులో నలిగిపోయిన పోగులు తీసి ఆయన ముందు పెట్టాను. "ఇయ్యే సార్ రెండు నూళ్ళు! పక్కన పెట్టి చూసి మరీ తీశా!"

సార్ వాటి వంక చూశాడు. మేడం కూడా వంగి చూసి, వేళ్ళ మధ్య నలిపి, "మంచి నూలే సార్," అంది.

అంతే, సార్ బల్ల మీద చతికిలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "ఒసే పిచ్చిమొద్దూ! మా పనిలో నూలంటే దారం కాదే. అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒకటి నూలు."

రెండు నూళ్ళంటే పావంగుళం! నేను రుద్దే లెక్కన ఆ కాలు దిగేసరికి నేను పదో తరగతి కూడా దాటేదాన్ని.

"తప్పు నాదే. అందరికీ తెలిసిన మాటే గదా అనుకున్నా," అంటూ సార్ రంపం నా చేతికిచ్చాడు. "కొయ్యి. మేడం, ఒక్క నిమిషం ఆగండి."

గీత గీశాను. తక్కువ కోస్తే ఇటు ఊగుతుంది, ఎక్కువ కోస్తే అటు ఊగుతుంది. రంపం రెండుసార్లు గీత దాటబోతే వెనక్కి లాక్కున్నాను. పక్క బల్ల అబ్బాయి కూడా తన చిత్రిక పక్కన పెట్టి చూస్తున్నాడు. బిళ్ళలాంటి ముక్క ఊడి పొట్టులో పడింది. స్టూలు తిరగేసి నిలబెట్టాను.

సార్ ఒక మూల నొక్కాడు. చప్పుడు లేదు. ఎదురు మూల నొక్కాడు. లేదు. మొత్తం బరువు వేసి కూర్చుని, అటూ ఇటూ కదిలాడు.

"ఇంకో పిల్లను చూసుకోండి మేడం," అన్నాడు కూర్చునే. "ఈ పిల్ల నా దగ్గరే ఉంటది."

మేడం నవ్వుకుంటూ వెళ్ళింది. ఎగిరి గంతెయ్యాల్సిన సమయం. కానీ నా కళ్ళు అప్పటికే గోడకు ఆనించిన చెక్క పలకల మీదికి పోయాయి. అందులో అన్నిటికంటే పొడుగైనదాన్ని పట్టి లాగాను. పక్కవి దభీమని జారి పడ్డాయి.

"ఒసే, ఆగవే!" అని సార్ స్టూలు మీద నుంచి లేచి పరిగెత్తుకొచ్చాడు. "అది హెడ్మాస్టరు గది తలుపుకు తెచ్చిందే!"