జర్మన్ దొరతో ఫైనల్, నెట్ పక్కన పద్మం ముగ్గు

ఆ రోజుల్లో టెన్నిస్ ఆడి డబ్బు తీసుకునేవాణ్ణి పెద్దమనుషులు తమ పక్కన నిలబడనిచ్చేవారు కాదు. ఆటంటే సరదాకి ఆడాలి, జీతానికి ఆడితే అది కూలిపని అని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం విదేశాల్లో అప్పుడప్పుడే సడలుతోందనీ, పెద్ద పెద్ద మట్టికోర్టు పోటీల్లో సరదాకి ఆడేవాళ్ళనీ డబ్బుకి ఆడేవాళ్ళనీ కలిపే ఆడిస్తున్నారనీ పేపర్లో వచ్చేది. మా రాయగడలో ఆ కబురుతో పని ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆఫీసర్ల క్లబ్బులో మార్కర్‌ని. అంటే, జోడీ దొరకని ఆఫీసరుతో ఆడి, ఆయన మనసు కష్టపెట్టకుండా ఓడిపోయి, తర్వాత బంతులు ఏరి లోపల పెట్టేవాణ్ణి. దానికి జీతం ఇచ్చేవారు. కాబట్టి మొత్తం కొరాపుట్ జిల్లాకి ప్రొఫెషనల్ ఆటగాణ్ణి నేనే. (ఈ సంగతి అప్పటికి నాకు తెలీదు. తెలిసుంటే నా నడకే మారిపోయేది.)

క్లబ్బు హాల్లో, పోటీ గెలిచినవాళ్ళ పేర్లు బంగారు రంగుతో రాసిన చెక్క బోర్డు ఉండేది. దాన్ని తుడిచేది నేనే. తుడుస్తూ తుడుస్తూ, నా పేరు ఎక్కడ పడితే బాగుంటుందో చూసుకునేవాణ్ణి. ఆ ఏడు మా ఊరి ఫ్యాక్టరీలో మెషీన్లు బిగించడానికి ఒక జర్మనీ ఇంజనీరు వచ్చాడు. అందరూ జర్మన్ దొర అనేవారు. అతనికి టెన్నిస్ వచ్చని తెలియగానే మా సెక్రటరీగారు ఏటా జరిగే క్లబ్బు పోటీకి అంతర్జాతీయ పోటీ అని పేరు మార్చేశారు. ఆయనది విజయనగరం వైపు నుంచి వచ్చి తరాలుగా జమీందారీ ఎస్టేటు వ్యవహారాలు చూసిన కుటుంబం. పేపరు అక్షరం వదలకుండా చదివేవారు. నన్ను పిలిచి, "చూడవోయ్, పై దేశాల్లో ప్రొఫెషనల్స్‌ని కూడా రానిస్తున్నారు. మనం వెనకబడకూడదు. నువ్వూ ఆడు" అన్నారు. "గెలిస్తే నా పేరు బోర్డెక్కుతుందాండీ?" అని అడిగాను. ఆయన అంత దూరం ఆలోచించినట్టు లేదు. అయినా, "ఎక్కుతుంది" అన్నారు. ఆ పూట బోర్డు రెండుసార్లు తుడిచాను.

కొరాపుట్ నుంచి జీపుల్లో వచ్చిన ఆఫీసర్లనీ, మా ఊరి ఆఫీసర్లనీ అటు దొరా, ఇటు నేనూ ఓడించుకుంటూ వచ్చాం. (గెలవడానికి ఆడటం నాకదే మొదలు. అలవాటు లేక మొదటి ఆటలో నా చెయ్యి తనంతట తనే ఓడిపోబోయింది.) ఇక ఫైనల్ మిగిలింది. కోర్టు పని మా పిన్నిది. మునిసిపాలిటీలో ఊడ్చే పని చేస్తూ, క్లబ్బు కోర్టు కూడా చూసేది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. లక్ష్మీపూర్ వైపు నుంచి తెప్పించిన ఎర్రమట్టిని పేడనీళ్ళతో అలికి, గీతలు ముగ్గుపిండితో లాగేది. ఫైనల్ నాటి పొద్దున గీతలతో ఆగలేదు. నెట్‌కి అటొకటీ ఇటొకటీ, మంచమంత పద్మాలు వేసి, మధ్యలో పసుపూ కుంకుమా పెట్టింది.

"ఇదేటి పిన్నీ?" అన్నాను.

"ఏటేటి? అలికిన నేలని ఉత్తినే ఒగ్గేస్తారేట్రా? పైదేశపోడొచ్చి సూస్తే ఈళ్ళకి ఆడోళ్ళు లేరేటి అనుకోడూ?" అంది.

సెక్రటరీగారు చీపురు తెప్పించేలోపే ఫ్యాక్టరీ జనరల్ మేనేజరుగారి భార్య వచ్చి, ముగ్గు చాలా బాగుందని, ఎవరు వేశారని అడిగారు. ఆ తర్వాత దాన్ని చెరపమనే ధైర్యం క్లబ్బులో ఎవరికీ లేకపోయింది. ఆట మొదలైంది.

దొర వచ్చిన కొత్తలో, అతనికి వంటచేసే ముసలమ్మ గుమ్మంలో ముగ్గు తొక్కినందుకు చీవాట్లు పెట్టిందట. ఆనాటి నుంచి అతను ముగ్గు చూస్తే చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. నా సంగతి చెప్పక్కర్లేదు. ముగ్గు తొక్కిన ప్రతిసారీ పిన్ని పిక్క మీద ఒకటి వేస్తే పెరిగినవాణ్ణి. నెట్ పక్కన బంతి వేస్తే అవతలివాడు రాడని ఇద్దరికీ కాసేపట్లోనే అర్థమైంది. అక్కణ్ణుంచి అదేం ఆటో చెప్పలేను. బంతిని నెట్ దాటించి మెల్లగా వదిలెయ్యడమే పని. అవతలివాడు ప్రాణం పెట్టి పరిగెత్తుకొచ్చి, పద్మం ముందు పిలవని పేరంటానికి వచ్చినవాడిలా ఆగిపోయేవాడు. సెక్రటరీగారు ఎత్తుకుర్చీ మీద కూర్చుని, ఇలాంటిది ఏ పేపర్లోనూ చదవలేదన్న ముఖంతో పాయింట్లు చెబుతున్నారు.

చివరికి ఇంకొక్క పాయింటు పోతే ఆట పోయే చోటికి వచ్చాను. దొర వేసిన బంతి ఈసారి బాగా పైకి లేచింది. సరిగ్గా కుంకుమ మీద, తీరిగ్గా, కొట్టుకో అన్నట్టు. ఒక్క అడుగు వేస్తే చాలు. పరిగెత్తాను. గీత అవతల మా కాలనీ ఆడవాళ్ళతో కూర్చున్న పిన్ని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నావైపే చూస్తోంది. కాలెత్తాను. ఎత్తిన కాలు అలాగే వెనక్కి దించేశాను. బంతి రెండోసారి పడి, పద్మం రేకు మీదుగా దొర్లి ఆగింది.

చప్పట్లు కొట్టారు. దొర నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపాడు. ఆట పోయింది, బోర్డూ పోయింది. కనీసం పిన్నయినా మెచ్చుకుంటుందని వెళ్ళాను.

"ఆ బంతెందుకు కొట్టలేదురా?" అంది.

"ముగ్గు తొక్కాలి కదా పిన్నీ."

"ముగ్గుకేటొచ్చింది? రోజూ ఏసేదే, రోజూ సెరిగిపోయేదే. రేపు మళ్ళీ ఏస్తాను. ఆ బోర్డు మీద నీ పేరు రేపు మళ్ళీ ఏస్తారేటి?" అంది. అంటూనే లేచి, పద్మం నడిమధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళి, ఆ బంతి తీసి నా చేతిలో పెట్టింది.

తర్వాత నాకు ఫ్యాక్టరీ స్టోర్లో ఉద్యోగం దొరికింది, రిటైరూ అయ్యాను. అంతర్జాతీయ పోటీలో రన్నరప్‌నని మనవలకి చెబుతాను, ఎలా ఓడిపోయావు తాతా అంటే మోకాలు నొప్పని చెబుతాను. కాలెత్తి దించేసుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది. వాడికి గెలవాలని ఎంత ఉండేదో నాకు తెలుసు. అదే బంతి ఇప్పుడొచ్చినా వాడు కొట్టడనీ తెలుసు. పిన్ని ఉంటే మళ్ళీ తిట్టేది. ఒక్కసారి తిట్టించుకోవాలని ఉంది.