బరువు చూసి కొన్న పెట్టె

మా ఆయన సూర్యాపేటలో బోరు మోటార్లకు వైండింగ్ చుట్టేవాడు. పెళ్ళయిన ఏడాదికే నేనూ ఆయన పక్కన కూర్చుని తీగ చుట్టడం నేర్చుకున్నాను. నాకు సంతకం పెట్టే వరకే చదువు. మోటారు మీద రాసిన అక్షరాలు నేను చదవలేను. ఆయన ఆ ఊసే ఎత్తేవాడు కాదు. ఒకే సైజున్న చిన్న మోటార్లు రెండు నా చేతుల్లో పెట్టి, ఏది రాగి, ఏది అల్యూమినియం చెప్పమనేవాడు. రాగి చుట్టినది అరచేతిని కిందికి లాగుతుంది. అల్యూమినియంది తేలిక, తొందరగా కాలిపోతుంది. ఆ లాగుడు తెలిస్తే చాలు, పైన ఎంత మంచి రంగు వేసినా లోపల ఏముందో చెప్పొచ్చు.

ఆయన పోయాక షాపు సామాను అమ్మేశాను. ఆ డబ్బును మా అమ్మాయి కంప్యూటరు కోసం పక్కన పెట్టాను. ఆఫీసు కంప్యూటరు కాదు, ఆటల కంప్యూటరు. ఆడటమే కాదు, ఆటలు తయారు చేయడం కూడా నేర్చుకుంటోంది పిల్ల. ఫోనులో ఎంతకని నేర్చుకుంటుంది? రెడీగా దొరికేది వద్దు, ఒక్కో సామానూ ఎంచుకుని బిగించుకుంటానంది. సరే అన్నాను. కానీ కొనగలిగేది ఒక్కసారే. అది కాలిపోతే రెండోది కొనే దారి మాకు లేదు. నా భయమంతా అదే.

ముందు కోదాడ వెళ్ళాం. దుకాణంలో అమ్మాయి తన జాబితా చదివింది. తెర మీద బొమ్మలను గబగబా నడిపించే కార్డు ఒకటుంది, దాని మీదే పిల్ల ప్రాణమంతా. ఉన్నదంతా ఆ కార్డుకే పెట్టి, కరెంటును లోపలి సామాన్లకు పంచే పెట్టెను మాత్రం అన్నిటికన్నా చౌకది రాసుకుంది. దాన్ని పవర్ సప్లై అంటారు. దుకాణదారు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నల్ల రంగు, ఎర్ర గీతలు, చూడటానికి బాగానే ఉంది. చేతిలోకి తీసుకుంటే ఖాళీ స్వీటు డబ్బాలా లేచింది.

"ఇది వద్దు బిడ్డా. దీంట్ల ఏం లేదు."

"అమ్మా, ఇదేమన్న సొరకాయనా, సేత్తోని తూసి కొననీకి?"

"మన గల్లీల కరెంటు సంగతి నీకెర్కనే గద. యాసంగిల మోటర్లన్ని ఒక్కపారి నడిస్తే ఏం మిగులుతది మనకు?"

"బరువుది కొంటే కార్డు చిన్నదైతదే అమ్మా! ఆ కార్డు కోసమే గద ఇంత దూరం వచ్చినం."

దుకాణదారు మధ్యలోకి వచ్చాడు. "పిన్నిగారు చెప్పింది తప్పు కాదమ్మా. నా దగ్గర ఇదొక్కటే ఉంది. గట్టిది కావాలంటే మిర్యాలగూడ వెళ్ళండి. అక్కడ రైసు మిల్లులకు కంప్యూటర్లు పెట్టే ఆయన ఉన్నాడు, ఆయన దగ్గర దొరుకుతుంది" అని ఒక చీటీ రాసిచ్చాడు.

దుకాణానికొచ్చిన బేరాన్ని వేరే ఊరికి పంపే మనిషిని అంతకుముందు నేను చూడలేదు. దండం పెట్టి వచ్చాను.

మిర్యాలగూడ బస్సులో అమ్మాయి అలిగి కిటికీ వైపు తిరిగింది. హుజూర్‌నగర్ దాకా ఫోనులో ఏదో చదువుతూనే ఉంది. ఊరు దాటాక మెల్లగా నోరు విప్పింది.

"అమ్మా, అసొంటిది కాలితే అదొక్కటే పోదంట. కార్డును గూడ తీస్కపోతదంట."

"ఎవలు జెప్పిన్రు?"

"కొనుక్కొని కాలవెట్టుకున్నోళ్ళు రాసిన్రు."

జాబితాలో కార్డు పేరు కొట్టేసి, దాని కింద చిన్నదాని పేరు రాసుకుంది. రాస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చూడనట్టే ఉన్నాను.

మిర్యాలగూడలో దుకాణాయన గట్టి పెట్టె చేతిలో పెట్టగానే బరువు మణికట్టు దాకా తెలిసింది. "ఇది రాగి" అన్నాను. ఇక నాకు ధైర్యం వచ్చింది. బల్ల మీదున్నవన్నీ ఎత్తి చూడటం మొదలుపెట్టాను. సమాచారం దాచుకునే సామాన్లు రెండు రకాలు పెట్టాడు. ఒకటి ఇనుప ముద్దలా ఉంది. ఇంకోటి చూయింగ్ గమ్ బిళ్ళంత ఉంది.

"ఇది ఊదితే ఎగిరిపోయేటట్టున్నది. ఇదేం మోస్తది? ఆ బరువుది ఇయ్యి తమ్మీ" అన్నాను.

అమ్మాయి పడీపడీ నవ్వింది. దుకాణాయన కూడా నవ్వాడు. "అమ్మా, బరువుదాంట్ల చక్రం తిరుగుతది. దీంట్ల తిరిగేదే లేదు. గందుకే తేలిక, గందుకే జల్ది నడుస్తది."

తిరిగేది అరుగుతుందని నాకు ఒకరు చెప్పాలా? ఎన్ని బేరింగులు మార్చిన చేతులు ఇవి! ఇనుప ముద్దను దాని చోట పెట్టేశాను. ఆ రోజు పొద్దున నుంచి పిల్ల నవ్వడం అదే మొదటిసారి. నా తప్పు అందుకైనా పనికొచ్చింది.

ఆ యాసంగి పంటకు పొలాల్లో మోటార్లన్నీ నడుస్తున్న ఒక సాయంత్రం, కరెంటు బాగా తగ్గి ట్యూబులైటు రెపరెపలాడి ఆరిపోయింది. వంటింట్లో మిక్సీ మూలిగి ఆగింది. పరుగున గదిలోకి వెళ్ళాను. తెర మీద బండ్లు పరిగెడుతూనే ఉన్నాయి. అమ్మాయి వెనక్కి తిరగకుండానే అంది, "చిన్న కార్డు గూడ మంచిగనే నడుస్తున్నదే అమ్మా."

చేతికి పని నేర్పినాయనను, బేరం వదులుకున్న కోదాడ మనిషిని తలుచుకుని చాలాసార్లు దండం పెట్టుకున్నాను. పిల్లకు మాత్రం నా మనసులోది ఎలా చెప్పాలో తెలియలేదు. అలిగి కూడా నా మాటను కొట్టిపారేయకుండా, చదివి చూసుకుని, తనకు ఇష్టమైనది వదులుకుంది. అంత చదివిన పిల్ల అలా చేయడం నాకు పెద్ద గౌరవం. నేను చెబుతుంటే ఇదంతా తనే రాస్తోంది. ఈ ముక్క దగ్గర ఆగి, "ఇది తీసేద్దామే, సిగ్గయితున్నది" అంటోంది.

ఉండనీ అన్నాను.